వార్ధకమున త్రికోణమితి



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూళ్లలో ఉపాధ్యాయుడనై యుండి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట మా పెదతండ్రిగారి యొద్ద కావ్యములను, కొంత జ్యోతిషమును చదువుకొంటిని. అట్టివాడు నేడు త్రికోణమితిని గూర్చి ప్రసంగింప వచ్చుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమే. అఱువదిమూడవ యేట నేనీ విద్యను కాలేజీ బల్లపై గూర్చుండి నేర్చుకొంటిని. ఏల నేర్చుకొంటినో, అందు నాకేమి తెలిసినదో, దానివలన గ్రామపెద్దలైన మీకేమి ప్రయోజనమో మనవి చేసెదను.

ఉద్యోగము ముగిసిన పిమ్మట విశాఖపట్టణమున మా కుమార్తె యింట నివసించుచుంటిని. మా దౌహిత్రుడు పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని, ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరమున గణితశాఖలో చేరెను. రెండు నెలలు గడిచినవో లేదో, ఒకనాటి రాత్రి పుస్తకము మూసి, “తాతగారూ, నాకు లెక్కలు రావు. ఈ చదువు మానెదను” అనెను. ఏది రాలేదని యడిగితిని. త్రికోణమితి యనెను. “సైన్ అనగా నేమి నాయనా?” అంటిని. “లంబమును కర్ణముచే భాగింపగా వచ్చునది” అని తడుముకొనకుండ చెప్పెను. “అది యెందులకు?” అంటిని. “పరీక్షకు” అనెను. నాకును అంతకు మించిన యుత్తరము తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది మా యింటి గొడవ మాత్రమే కాదు. మీ గ్రామములనుండి పట్టణమునకు చదువ వచ్చిన పిల్లలలో ఎందరో దసరా సెలవులకు ఇల్లు చేరి యీ మాటయే చెప్పుదురు. తండ్రికి ఏమియు తోచదు; రచ్చబండకు వచ్చి పెద్దల నడుగును. “రానిదానిని పట్టుకొని వ్రేలాడనేల? పొలమునకు రమ్మనుము” అని యెవరో యందురు. ఆడపిల్లయైనచో తీర్పు మఱింత వేగముగ వచ్చును, సంబంధములు చూడుడందురు. గడియసేపటిలో జరిగిన యా మాటలతో ఒక జీవితము దారి మఱలును. ఆ తీర్పు చెప్పువారు మీరు. కావుననే యీ ప్రసంగము మీకు.

మఱునాడు నేనొక కళాశాలకు బోయి, వెనుక బల్లపై గూర్చుండుటకు అనుజ్ఞ వేడుకొంటిని. అధ్యాపకుడు నా శిష్యుల యీడువాడు. నాకు ప్రత్యేకముగ కుర్చీ వేయించబోయిన వలదని బల్లపైననే గూర్చుంటిని. మొదటివారమంతయు ఆఱు పేర్లతో గడచెను: సైన్, కొసైన్, టాన్జెంట్, కొసీకెంట్, సీకెంట్, కొటాన్జెంట్. పిల్లలు వానిని వల్లించిరి. నేనును వల్లించితిని. రాత్రి వచ్చినది తెల్లవారునప్పటికి మఱచితిని. అర్థము తెలియని శబ్దము ముదుసలి తలలో నిలువదు. పిల్లల తలలో నిలుచును గాని, నిలిచి బరువగును.

మూడవ వారమున అధ్యాపకుడు నల్లబల్లపై ఒక వృత్తము వ్రాసెను. కేంద్రమునుండి రెండు గీతలు పరిధిదాక గీచి, వాని కొనలను ఒక నిలువు గీతతో గలిపెను. పిదప ఆ నిలువు గీతలో సగము చూపి, వృత్తముయొక్క వ్యాసార్ధము ఒకటి యైనచో ఈ సగమే సైన్ అనెను. నేను కనులు నులుముకొని చూచితిని. అది విల్లు! వంగిన పరిధి చాపము. దాని రెండు కొనలను గట్టిన గీత నారి, అనగా జ్యా. ఆ జ్యాలో సగమే అర్ధజ్యా. మన జ్యోతిషులు వాడుకసౌలభ్యముకొఱకు దానినే జ్యా యనిరి. కొసైన్ కోటిజ్యా. నేను పండ్రెండవ యేట మా పెదతండ్రిగారి యెదుట కనులు మూసి వల్లించిన జ్యాపట్టిక యిదియే.

క్రీ. శ. 476లో జన్మించిన ఆర్యభటుడు తన ఇరువదిమూడవ యేట, అనగా 499లో, ఈ జ్యాలను ఇరువదినాలుగింటిని లెక్కించుటకు వలయు భేదములను తెలిపెను. సూర్యసిద్ధాంతమందును అవే కలవు. మొదటి జ్యాను మా పెదతండ్రిగారు తత్త్వములు, అశ్వినులు అను సంకేతముతో చెప్పించిరి. తత్త్వములు ఇరువదియైదు, అశ్వినీదేవతలు ఇద్దఱు, సంఖ్యాసంకేతములలో అంకెలు కుడినుండి యెడమకు నడుచును గనుక అది 225. అట్లు సాగి ఇరువదినాలుగవది 3438. ఎనిమిదవది 1719. ఒక్కొక్క మెట్టు మూడు ముప్పాతిక అంశలు గనుక ఎనిమిదవ మెట్టు సరిగా ముప్పది అంశలు. 3438లో 1719 సరిగా సగము. మా మనుమని పుస్తకమున “సైన్ 30 డిగ్రీలు = 1/2” అని యున్నది. మహాశయులారా, ఏబదియేండ్లు నేనా సంఖ్యను నోట మోసికొని తిరిగితిని. అది సగమని యెన్నడు నెఱుగను. మనుమడు సగమని యెఱుగును. దేనిలో సగమో యెఱుగడు. ఇరువురము సమానులమే.

సైన్ అను పేరు వచ్చిన త్రోవయు వినదగినది. జ్యా, జీవా యను మన మాటలను అరబ్బీ పండితులు జీబా యని తీసికొనిరి. వారి వ్రాతలో అచ్చులు సాధారణముగ వ్రాయబడవు గనుక తరువాతివారు దానిని జైబ్ అని చదివిరి. జైబ్ అనగా వస్త్రపు మడత, ఒడి. పండ్రెండవ శతాబ్దమున లాటిను భాషకు తర్జుమా చేసినవారు ఆ యర్థము గల సైనస్ అను పదమును వేసిరి. అది ఇంగ్లీషున సైన్ అయ్యెను. మన విల్లుత్రాడు దేశములు తిరిగి, వేషము మార్చుకొని, మన పిల్లల పుస్తకమున ప్రవేశించినది. ఈ మాట చెప్పగా తరగతిలోని పిల్లలు నవ్విరి. ఆనాటినుండి మా మనుమడు సైన్ అను మాటకు జడియుట మానెను.

ఇక నీ విద్య ఏమని యడుగుదురా? ఒక నిచ్చెనను గోడకు చేర్చుడు. నిచ్చెన కర్ణము, గోడయందు అది తాకిన యెత్తు లంబము. నేలతో నిచ్చెన చేయు కోణము ముప్పది అంశలైనచో, నిచ్చెన పదియడుగులదైన అయిదడుగుల యెత్తు తాకును. ఇరువది యడుగులదైన పది తాకును. నిచ్చెన మాఱినను నిష్పత్తి మాఱదు. కోణమును జూచి నిష్పత్తిని జెప్పుట, నిష్పత్తిని జూచి కోణమును జెప్పుట: త్రికోణమితికి మూలమింతియే. సైన్ వర్గమును కొసైన్ వర్గమును కలిపిన ఒకటి యగునను సూత్రమును పిల్లలు మంత్రమువలె జపింతురు. అది యజ్ఞవేదికలు కొలుచుటకై శుల్బసూత్రములలో జెప్పిన భుజ, కోటి, కర్ణముల సంబంధమే గాని వేఱు కాదు.

పిల్లలు జారిపడు చోటును నాకు తెలిసినది. ఏలయన నేనును అచ్చటనే జారిపడితిని. రెండు కోణములను కలిపినపుడు వాని సైన్‌లను గూడ ఊరకే కలుపవచ్చునని తోచును. ముప్పది అంశల సైన్ అర. రెండు ముప్పదులు అఱువది. అఱువది అంశల సైన్ అర, అర కలిసి ఒకటి కావలెను గదా యని నేను వ్రాసితిని. తప్పు. అది 0.866 మాత్రమే. ఎందుకన, నిచ్చెనను మొదట ముప్పది అంశలు లేపినపుడు కొన అరనిచ్చెన పైకి పోవును. మఱి ముప్పది లేపినపుడు అది పైకి పోవుచునే గోడవైపునకును ఒఱగును. లేచినకొలది పెరుగుదల తగ్గును. రెండు కోణములను సరిగా కూర్చు సూత్రము కలదు. దానిని భాస్కరాచార్యులును చెప్పియున్నారు. నిచ్చెనను చూచిన పిల్లవానికి ఆ సూత్రము తెలివియగును. చూడనివానికి అది బరువగును. అచ్చటనే “నాకు రాదు” అను మాట పుట్టును.

ఇది పట్టణపు చదువు, మన కెందుకని కొందరందురు. ఈ పట్టణపు చరిత్రనే చూడుడు. గోడే వెంకట జగ్గారావుగారను జమీందారు 1817లో జన్మించిరి. వారు మద్రాసు వేధశాలాధ్యక్షుడైన టెయిలరు దొరయొద్ద ఖగోళవిద్య నేర్చి, 1840లో విశాఖపట్టణమున స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగ నడచుటను ఇచ్చటినుండి పరిశీలించి ప్రకటించిరి. ఆ దినమున ప్రపంచమందెల్లెడల శాస్త్రజ్ఞులు దానిని చూచిరి. ఎందుకన, భూమిపై దూరదూరముగ నున్న రెండు తావులనుండి చూచినపుడు శుక్రుని త్రోవ కొంచెము వేఱుగ కనబడును. ఆ తావుల నడిమి దూరము తెలియును, కోణభేదము తెలియును, సూర్యుని దూరము లెక్కకు వచ్చును. భూమిని పీఠముగ జేసికొని సూర్యునిదాక గీచిన త్రికోణమది. నరసింగరావుగారి పేరనే ఎ.వి.ఎన్. కళాశాల వెలసినది. ఆ కళాశాలలో చంద్రశేఖర అయ్యరుగారు గణిత, భౌతికశాస్త్రములు బోధించిరి. వారి కుమారుడు అచ్చటనే ఎఫ్. ఏ. చదివి, పిదప మద్రాసునకు బోయెను. అతడే 1930లో నోబెల్ బహుమానము బడసిన సర్ సి. వి. రామన్.

నేలను కొలుచుటయందును ఇదే విద్య. 1802లో లాంబ్టను దొర మద్రాసున ఒక సరళరేఖను కొలిచి ఆరంభించిన మహాత్రికోణమితి సర్వేలో విశాఖపట్టణమునకు స్థానము కలదు. 1862-63లో ఇచ్చట ఒక మూలరేఖను కొలిచిరి. ఎండకు పొడవు మాఱకుండునట్లు ఇత్తడిని, ఇనుమును జతచేసిన కడ్డీలను ఒకదాని వెంట ఒకటి పేర్చి, మిక్కిలి ఓరిమితో ఆ యొక్క రేఖను కొలిచిరి. పిమ్మట నేలపై గొలుసు లాగ నక్కఱలేదు. కొండనుండి కొండకు కోణములు చూచుచు సాగుటయే. ఆ సర్వేలోని గణకుడు రాధానాథ సిక్దారుగారు మైదానములనుండి చూచిన కోణములతోనే హిమాలయశిఖరమొకటి లోకమున కెల్ల నెత్తైనదని తేల్చిరి. 1856లో ప్రకటించిన యెత్తు 29,002 అడుగులు. 2020లో నేపాలము, చీనా కలసి ప్రకటించినది 8,848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. శిఖరమున కాలు మోపకుండ, నూఱుమైళ్లకు పై దూరమునుండి వేసిన లెక్కలో భేదము ముప్పది యడుగులు!

ఇవన్నియు పెద్దల కథలు. నాకు బుద్ధి చెప్పినది మాత్రమొక చిన్నవాడు. దానిని చెప్పుట నాకు సులభము కాదు, అయినను చెప్పవలయును. నేను పనిచేసిన యొక పాఠశాలలో గణితోపాధ్యాయుడు లేనందున రెండేండ్లు లెక్కలును నేనే చెప్పితిని. ఒక పిల్లవాడు ప్రతిదినమును “మేష్టారుబాబూ, ఇది యెందుకు?” అని యడుగుచుండెను. నాకు తెలియదను మాట నా నోట రాలేదు. “ఎందుకని యడుగకు, వల్లెవేయుము. నీ తలకు లెక్కలు రావు” అంటిని. ఆ సంవత్సరము వాడు పరీక్ష తప్పి, మఱల బడికి రాలేదు. వాని తండ్రి నన్నడిగినపుడు “పనిలో పెట్టుడు” అని సలహా యిచ్చినవాడను గూడ నేనే.

నేను కళాశాలకు పోవుచున్న యా సంవత్సరముననే పూర్ణామార్కెట్టు వద్ద ఒకడు నా కాళ్లకు మ్రొక్కెను. వాడే. హార్బరులో ఖలాసీగా నున్నాడట. టీ కొట్టున గూర్చుండి నా సంగతి యడిగెను. త్రికోణమితి చదువుచున్నానని చెప్పితిని. అది యేమని యడుగగా, కోణము మాఱినకొలది నిష్పత్తి మాఱుననుట అంటిని. వాడు లేచి తన తుండుగుడ్డ తీసి, నడుమ ఒక ఇటుక గట్టి, ఒక కొన నా చేతికిచ్చెను. రెండవ కొన తాను పట్టెను. చేతులు దగ్గఱగ నున్నపుడు బరువు తెలియలేదు. “ఇపుడు దూరముగ జరుగుడు” అనెను. జరిగినకొలది గుడ్డ చదునయ్యెను. నా చేయి వణకెను. ఇటుక అదే ఇటుక.

“క్రేనుకు స్లింగు వేయునపుడు ఇంతే బాబూ. తాళ్లు వెడల్పుగ పఱచినచో తెగును. ఈ సంగతి నా చేతులకు తెలుసు. కాగితము మీద పెట్టలేను. మేస్త్రీ పరీక్షలో చేతులకు మార్కులు వేయరు గదా” అనెను.

ఆ రాత్రి నేను లెక్క వేసితిని. పది టన్నుల బరువును రెండు తాళ్లతో లేపినపుడు, తాళ్లు నిట్టనిలువుగ నున్నచో ఒక్కొక్క త్రాటిపై అయిదు టన్నులు. తాళ్లు అడ్డగీతతో అఱువది అంశల కోణము చేసినచో ఒక్కొక్కదానిపై సుమారు 5.8 టన్నులు. ముప్పది అంశలకు దిగినచో పది టన్నులు! ఒక్కొక్క త్రాడు మొత్తము బరువును మోయవలయును. ఎందుకన ముప్పది అంశల సైన్ అర. అయిదును అరచే భాగించిన పది. నేను నోట మోసిన 1719, 3438లే యివి. 1933లో ఓడలకు తెఱచిన ఈ రేవునందును, 1992లో జాతి కంకితమైన ఉక్కు కర్మాగారమునందును లేచు ప్రతి బరువు క్రింద ఎవరి బిడ్డయో నిలిచియుండును. ఆ సగము తెలియుట ప్రాణముతో కూడిన మాట. “ఎందుకు?” అని వాడు అడిగిన ప్రశ్నకు ఇదే యుత్తరము. నేను చెప్పలేకపోయితిని, చివరకు వాడే నాకు చెప్పెను.

కావున గ్రామపెద్దలారా, మీకు నా మనవులు నాలుగు. మొదటిది: “లెక్కలు రావు” అని వచ్చిన పిల్లవానికి మొదటి పరీక్షను జూచి తీర్పు చెప్పకుడు. కొత్త భాష, కొత్త యూరు, కొత్త గుర్తులు మూడును ఒక్కసారి మీద పడినవి. ఒక సంవత్సరము గడువిండు. రెండవది: మార్కులెన్ని యని యడుగుటకు ముందు, నీవు చదివినది నాకు చూపు మనుడు. మీకు తెలియదని సిగ్గుపడకుడు. తెలియనివానికి చెప్పబోయినపుడే చదువరికి తనకు తెలిసినదేదో తేలును. మూడవది: మీలో ఉపాధ్యాయులున్నచో సైన్ ప్రక్కన జ్యాను, దాని ప్రక్కన వింటినారిని చూపుడు. ఇంగ్లీషు మాటను మానుమనుట లేదు; పరీక్షకు అది కావలయును. ఇంటి తలుపు తెఱచి పిమ్మట వీధిలోనికి పంపుడనుచున్నాను. నాల్గవది: ఆడపిల్లకును ఇదే గడువిండు. మా తరగతిలో నిచ్చెన లెక్కను అందఱికంటె ముందు చేసినది యొక పల్లెటూరి బాలిక.

పిల్లలందఱును గణితమే చదువవలయునని నేననను. ఎవని రుచి వానిది. కాని ఒక్కసారియైన అర్థమైన పిమ్మట వలదనుకొనుట వేఱు. అర్థము చెప్పువారు లేక వలదనుకొనుట వేఱు. రెండవదానిని మనము పిల్లవాని తలపై మోపుచున్నాము.

ఖర్చు లేని పాఠమొకటి చెప్పి ముగించెదను. ఎండ కాయు దినమున సమతలమైన నేలపై గజము పొడవు గల కఱ్ఱను నిలువుగ నాటుడు. దాని నీడ సరిగా గజమగు వేళను కనిపెట్టుడు. అప్పుడు సూర్యుడు నలువదియైదు అంశల యెత్తున నున్నాడు. ఆ క్షణముననే మీ పెరటి తాటిచెట్టు నీడను మొదలునుండి కొలువుడు. ఎంత నీడయో అంత చెట్టు. చెట్టెక్కనక్కఱలేదు. మీ మనుమనిచేతనో మనుమరాలిచేతనో ఈ పని చేయించి, “ఎందుకిట్లయినది?” అని యడుగుడు. వాడు చెప్పునది త్రికోణమితి.

నా పరీక్ష సంగతి యడుగుదురేమో. అధ్యాపకుడు దయతో నాకును ప్రశ్నపత్రమిచ్చెను. నూటికి నలువదియాఱు వచ్చినవి. మా మనుమనికి డెబ్బదియొకటి. వాడు చదువు మానలేదు. ఆ ఖలాసీ కుమారుడు ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. ఆదివారములు మా యింటికి వచ్చును. “ఇది యెందుకు?” అని తండ్రివలెనే యడుగును. తెలిసినచో చెప్పుచున్నాను. తెలియనిచో, తెలియదని చెప్పి వానితో గూడ వెదకుచున్నాను.